పుట్టని కారు

నువ్వు రాస్తానంటేనే చెబుతాను, లేకపోతే ఈ వయసులో నాకు గొంతునొప్పి తప్ప ఏం మిగలదు. ఫోనులోనే రాస్తావా? సరే, ఎందులో రాస్తే ఏముంది, నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివితేటలు కలపకు. నా ఈడు వాళ్ళెవరైనా చదివితే ఇది కథ కాదని వాళ్ళకే తెలుస్తుంది.

నెల కిందట ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నానా, వీధిలో ఒక లారీ ఆగింది. లారీ మీద తాళ్ళతో కట్టేసి ఒక కారు. ఇప్పటి కార్లలాగా కాదు, నేలకు కరుచుకుపోయినట్టు ఉంటుంది, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషికి చోటుండదు, మూతి పొడుగు, కళ్ళు గుండ్రం. ఎర్రరంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, టైర్లు లేవు, సీట్లలో ఎలుకలు కాపురాలు చేసి వెళ్ళినట్టున్నాయి. చూడగానే చేతిలో కాయ జారిపోయింది. దాన్ని చూసి యాభై ఏళ్ళు దాటింది, అయినా పామును గుర్తుపట్టడానికి ఎంతసేపు కావాలి?

లారీ దిగిన అబ్బాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. హైదరాబాదులో పాత విదేశీ కార్లు కొని బాగుచేయడం అతని పనట. మన ఊరి చివర జిన్నింగు మిల్లు పడగొట్టి ప్లాట్లు వేస్తున్నారు కదా, ఆ మిల్లు వెనక రేకుల షెడ్డులో చిరిగిన గోతాల కింద ఇది దొరికిందట, ఆసామి మనవలు అమ్మేశారట. అంతా బాగానే ఉందిగానీ అతనికి ఒక తంటా వచ్చిపడింది. ఈ కారు ఏ ఏటిదో తేలడం లేదు. కాగితంలో డెబ్బై ఒకటి మోడల్ అని ఉంది, బండి చూస్తే అలా లేదు. ఏడు తేలకపోతే దానికి ఏ సామాను వెయ్యాలో తెలియదట, పాత కార్ల వాళ్ళ పోటీల్లో నిలబెట్టడానికీ కుదరదట. మిల్లులో పనిచేసిన పాతవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే, అందరూ పోయారు, ఆవిడొకతే ఉంది అని నా దగ్గరికి పంపారు.

"అమ్మమ్మగారూ, ఈ కారు మీ ఊరికి ఎప్పుడొచ్చిందో గుర్తుందాండీ?" అన్నాడు, చెప్పులు బయట విడిచి, ఎంతో మర్యాదగా.

ఇదే ప్రశ్న ఒకప్పుడు నిండు కోర్టులో మా అమ్మను అడిగారు. అప్పుడడిగినవాళ్ళు ఇంత మర్యాదగా అడగలేదు. కూర్చో బాబూ, మంచినీళ్ళు తాగు అన్నాను.

అప్పటికి నాకు పదహారో పదిహేడో. మిల్లులో పత్తిలోంచి చెత్తా గుల్లా ఏరే ఆడవాళ్ళలో నేనొకదాన్ని. రోజంతా ఏరితే సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడేవి, ఇంటికొస్తే అమ్మ, వచ్చిందమ్మా ముసలమ్మ, అని నవ్వేది. మా అన్న అదే మిల్లు లారీకి డ్రైవరు. మా పేటలో అప్పట్లో డ్రైవరు పనంటే కలెక్టరు పనిలాగే. ఖాకీ చొక్కా ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసుకునేవాడు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు, అమ్మ కూలికి వెళ్ళి మమ్మల్ని పెంచింది. చదువు రాదు గానీ చర్చిలో కీర్తనలన్నీ నోటికొచ్చు. ఇంకొక గుణం ఉండేది ఆవిడకు, ఉన్నమాట దాచలేదు. పొరుగావిడ కూర పంపిస్తే, ఉప్పెక్కువైందే అని గిన్నె తిరిగిస్తూ మొహం మీదే చెప్పేది. ఆ గుణం వల్ల మాకు కూరలు రావడం తగ్గింది తప్ప మానలేదు, ఎందుకంటే బాగున్నప్పుడు బాగుందని కూడా ఆవిడే చెప్పేది.

మిల్లు ఆసామిగారి అబ్బాయి మద్రాసులో చదివేవాడు. ఒకసారి మిరప కోతల రోజుల్లో ఈ కారు వేసుకుని దిగాడు. అప్పుడది ఎరుపు కాదు, ఆకాశంలాంటి నీలం. నెంబరు ప్లేటు కూడా లేదు. స్టీరింగు ఎడమ పక్కన. ఓడలోంచి సరాసరి దింపుకొచ్చామని ఆసామిగారు చెప్పుకునేవారు గానీ, మద్రాసులో ఎవరో విదేశీ ఉద్యోగి వాడి వాడి అమ్మేసి పోయిన బండని మా అన్న అనేవాడు, సీటు తోలు చూస్తే తెలియదా అని. మిల్లు ఆడవాళ్ళం దానికి కప్పకారు అని పేరు పెట్టుకున్నాం. పగలంతా షెడ్డులో గోతాం కింద ఉండేది, సాయంత్రాలు అద్దంకి రోడ్డు మీద దూకేది.

ఆ మరుసటి ఏడు, మళ్ళీ మిరపకాయలు ఎండబోసిన రోజుల్లోనే, జరగకూడనిది జరిగింది.

ఇప్పుడు పట్టాలు పరిచి పోస్తున్నారు గానీ అప్పుడు కళ్ళాల్లో చోటు చాలక రోడ్డు వారన కూడా పోసేవాళ్ళు. పొద్దుగూకేసరికి మంచు పడకుండా కాయలన్నీ కుప్పకు లాగి కప్పెట్టాలి. ఆ సాయంత్రం ఆ పనిలో ముగ్గురున్నారు. మా అమ్మ, మా వీధి చివరింటి అక్క, ఆ అక్క చెల్లెలు. చెల్లెలిది నా ఈడే, ఇద్దరం ఒకే పలక మీద అఆలు దిద్దుకున్నాం. అక్కకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. రోడ్డు వైపున్న కాయలు లాగుతూ వంగుని ఉంది. అద్దంకి వైపు నుంచి వచ్చిన కప్పకారు ఆమెను కొట్టి, కుప్ప మీదుగా దూసుకుపోయింది. చక్రాల కింద కాయలు నలిగి ఒక్కసారిగా ఘాటు లేచింది. కళ్ళాంలో పనిచేసినవాళ్ళకు తెలుసు ఆ ఘాటంటే ఏమిటో, కళ్ళు తెరవలేం, ఊపిరి తీయలేం. అమ్మ ఒకతే కొంగు ముక్కుకూ నోటికీ చుట్టి కట్టుకుని ఉంది. ముందు అద్దం పగలడం చూసింది. స్టీరింగు ఎడమ పక్కన కదా, అంటే మా వాళ్ళ వైపే, లోపలున్న ఆసామిగారి అబ్బాయి మొహం కూడా చూసింది. కారు ఆగలేదు.

కాసేపటికి మా అన్న ఖాళీ లారీతో అటే వచ్చాడు. దారిన పోయిన బండ్లు రెండు ఆగకుండానే పోయాయట. వాడు ఆపాడు. ఆ అక్కను ఎత్తి లారీలో పడుకోబెట్టుకుని అద్దంకి ఆసుపత్రికి తోలాడు. దారిలోనే పోయింది. ఆసుపత్రి దగ్గర దిగేసరికి వాడి చొక్కా నిండా, లారీ నిండా రక్తం. తెల్లారేసరికి, లారీ గుద్ది చంపింది, డ్రైవరే భయపడి మోసుకొచ్చాడు, అన్న మాట ఊరంతా తిరిగింది. ఎవరు తిప్పారో చెప్పాలా? కప్పకారు ఆ రాత్రికే ఊళ్ళో లేదు. ఎండలు ముదిరాక తిరిగొచ్చింది, ఎర్రగా, కొత్త నెంబరుతో, కొత్త కాగితాలతో. కొత్త కారు కొన్నామన్నారు. మిల్లులో అందరం చూశాం, అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు మెదపలేదు. మెదిపితే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. నన్ను ఎలాగూ ఆపేశారు.

అన్న మీద కేసు పెట్టారు, కోర్టు గుంటూరులో. అమ్మ నీళ్ళకావి చీర కట్టుకుని వచ్చి దేవుని ఎదుట ప్రమాణం చేసి, నీలం కారు కొట్టిందని, ఆ కారును ముందటేడు కోతల్లో కూడా చూశానని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆసామి చేతిలో మనిషైన సర్కారు వకీలు మెత్తగా మొదలుపెట్టాడు.

"ఏమ్మా, నీ వయసెంత?"

"నలభయ్యో యాభయ్యో అయ్యా."

"నువ్వు ఏ ఏడు పుట్టావో నీకే తెలియదు. ఇదిగో కాగితం, డెబ్బై ఒకటి మోడల్, మొన్న ఎండాకాలం ఓడ దిగింది. దీన్ని డెబ్బైలోనే చూశానంటావు, ఎర్రకారును నీలం అంటావు. పుట్టని కారు నీకెలా కనపడిందమ్మా?"

హాలంతా నవ్వింది. నేను వెనక బెంచీ మీద ఉన్నాను. ఆ నవ్వు ఇప్పటికీ అప్పుడప్పుడు వినపడుతుంది నాకు, ఎవరిదో పెళ్ళిలోనో, బస్సులోనో, నలుగురు ఒకేసారి నవ్వితే చాలు.

అమ్మ నవ్వు ఆగేదాకా ఆగి, "పుట్టకపోతే మనిషినెట్టా చంపింది బాబూ?" అంది.

అడిగినదానికే జవాబు చెప్పాలన్నారు జడ్జిగారు. తర్వాత బ్రేకు ఇనస్పెక్టరు వచ్చి, ముందు అద్దం మీద అచ్చు, తలుపు దగ్గర రేకు, చేతిలో కాగితం, మూడూ డెబ్బై ఒకటే చెబుతున్నాయి అన్నాడు. ఆ చెల్లెల్ని పిలిచారు. ఘాటుకి కళ్ళు మూసుకుపోయాయి, నేనేమీ చూడలేదు అని తలొంచుకుని చెప్పి దిగిపోయింది. ఇంకేముంది, అన్నకు రెండేళ్ళు పడింది.

అన్న జైలుకు పోవడం ఒక ఎత్తు, ఊళ్ళో మా అమ్మ బతుకు ఒక ఎత్తు. పంపు దగ్గరికి వెళితే, "పుట్టని కారును చూసినావిడొచ్చింది, జరగండే, మన పుట్టబోయే మనవళ్ళ మొహాలు కూడా చెబుతుంది" అని ఎకసెక్కాలు. అది కూడా పడింది. పడలేనిది చర్చిలో జరిగింది. దేవుని ఎదుట అబద్ధపు ప్రమాణం చేసిందని సంఘపెద్దలు కూర్చుని, ఒప్పుకుని పశ్చాత్తాపపడేదాకా అమ్మను ప్రభువు బల్లకు రానివ్వకూడదని తీర్మానించారు. చర్చికి రేకులు వేయించింది మిల్లు ఆసామిగారే అన్న సంగతి అప్పుడెవరూ ఎత్తలేదు. మా వాళ్ళకు బల్లంటే ఏమిటో నీకు తెలియదు, నువ్వు పుట్టేసరికి అదొక చిన్న ప్లాస్టిక్ గిన్నె అయిపోయింది. ద్రాక్షరసం ఒకే గిన్నెలోంచి అందరూ తాగేవాళ్ళు. ఆ గిన్నె నీ దగ్గర ఆగకుండా పోయిందంటే నువ్వు మనిషివి కాదన్నట్టే.

ఒప్పుకోవే అమ్మా, ఒక్కమాట, చూపు ఆనలేదని చెప్పు, అయిపోతుంది, అని నేనే ఏడ్చాను. ఆనింది కదే, అంది. ప్రతి బల్ల ఆదివారం చెప్పులు విడిచే చోట కూర్చుని అందరికంటే గట్టిగా కీర్తన పాడేది. గిన్నె కదలగానే లేచి బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడేది. ఆరాధన అయ్యాక మళ్ళీ లోపలికొచ్చి చాపలు చుట్టేది, అది ఆవిడ వంతు పని, అది మాత్రం మాన్పించలేదెవరూ.

అన్న జైలు నుంచి వచ్చి మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. ఎవరూ ఇవ్వలేదనుకో, ఇచ్చినా పట్టేవాడు కాదేమో, సైకిలు మీద కూడా వెనకే కూర్చునేవాడు. చీమకుర్తి వెళ్ళి రాయి తొలిచే పనిలో చేరాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి, పిల్లాపాపా లేకుండానే పోయాడు. ఆ దగ్గు వింటూ అమ్మ ఒకసారి, వీణ్ణి ఆరోజు లారీ ఆపకుండా పెంచాల్సింది నేను, అంది. తన జన్మలో అమ్మ ఆడిన అబద్ధం అదొక్కటే. ఆవిడ కూడా తర్వాత ఎంతో కాలం ఉండలేదు. బల్ల ముట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ హైదరాబాదు అబ్బాయి నేను ఆలోచిస్తున్నంతసేపూ ఓపిగ్గా ఉండి, నన్ను చెయ్యి పట్టుకుని లారీ దగ్గరికి తీసుకెళ్ళాడు. చిన్న టార్చి వేసి పక్క అద్దం మూలన చూపించాడు. చీమంత అక్షరాలు, కింద చుక్కలు. ప్రతి అద్దానికీ అది తయారైన ఏడు ఇలా అచ్చు వేసి ఉంటుందట, మన చేతి మీద టీకా మచ్చలాగా. పక్క అద్దాలు అరవై ఎనిమిది, వెనక అద్దం అరవై ఎనిమిది, ఇంజను పోతలో అరవై ఎనిమిది, కాళ్ళ దగ్గర చాప ఎత్తితే చట్రం మీద కొట్టిన నెంబరు కూడా అరవై ఎనిమిదే. ఒక్క ముందు అద్దమే డెబ్బై ఒకటి. తలుపు దగ్గర రేకు కూడా తర్వాత బిగించిందేనట, దాని మరలు మన దేశపువి. తాళం దగ్గర గోటితో గీరితే ఎరుపు ఊడింది, కింద లప్పం, లప్పం కింద నీలం. బురద పట్టిన మూలల్లో మిరప గింజలు కూడా ఉన్నాయి గానీ, ఈ దేశంలో ఏ బండి దులిపినా అవి రాలతాయి, వాటికేం లెక్క లేదు.

"అంటే ముందు అద్దం ఎప్పుడో పగిలిందండీ, కొత్తది వేశారు. కాగితం కూడా ఆ అద్దానికి సరిపోయేట్టు రాయించారు. ఎలా పగిలిందో మీకేమన్నా తెలుసాండీ?"

తెలుసు బాబూ, అన్నాను. చెప్పాను. మా అమ్మను అబద్ధాలకోరును చేసిన అద్దం ఆ అక్క తలకు పగిలిన అద్దం స్థానంలో వేసిందని అతనికి చెబుతుంటే నాకూ అప్పుడే తెలిసినట్టయింది. పాపం, ఆ అబ్బాయి కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అంతలో ఫోను మోగింది. పక్కకు వెళ్ళి, కన్ఫర్మ్ బ్రో, అరవై ఎనిమిదే, ముందు బ్యాచీ, ఇలాంటివి దేశంలోనే అరుదు, అని చెబుతున్నాడు, సంతోషం ఆపుకోలేక. తప్పు పట్టను. ముసలితనం వల్ల విలువ పెరిగేది ఒక్క కార్లకే కాబోలు.

ఎవరికి చెప్పను ఇక? ఆసామి లేడు, ఆయన కొడుకు లేడు, సంఘపెద్దలు లేరు, నవ్వినవాళ్ళూ లేరు. మిగిలింది ఆ చెల్లెలొకతే. ఒకే చర్చిలో ఇన్నేళ్ళూ ఒకే వైపు కూర్చున్నాం, తను మా వైపు తల తిప్పలేదు. తన అక్కను చంపినవాడి చెల్లెల్ని కదా, తిప్పదులే అనుకున్నాను. నువ్వే కదా మొన్న ఆటో మాట్లాడింది, ఆవిడ దగ్గరికే వెళ్ళాను. చూపు పోయింది, నులకమంచం మీద కూర్చుని ఉంది.

"ఎవరూ?"

"నేనే."

"నువ్వా. ఇన్నాళ్ళకు దారి తెలిసిందటే?"

అద్దాల సంగతి, చుక్కల సంగతి, లప్పం కింద నీలం సంగతి అంతా చెప్పాను. చిన్నపిల్ల పరీక్ష పాసయ్యానని చెప్పినట్టు చెప్పాను. ఆవిడ వింటూ మంచం నులక గిల్లుతూ కూర్చుంది.

"ఇది చెప్పడానికి ఎండనపడి వచ్చావా? నాకు తెలుసులేవే."

"ఏం తెలుసు?"

"నీలం కారని. కొంగు కట్టుకోకపోతే మాత్రం రంగు కూడా కనపడదా ఏంది? మా నాన్న ఆసామి చేలో పాలేరు, మా గుడిసె చోటు కూడా ఆసామిదే. చూశానంటే ఆ పొద్దే వీధిలో ఉందుం."

"మరి ఇన్నేళ్ళూ మాతో పలకలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని పలకమంటావే?" అంది. "మీ అమ్మ బయటికి లేచిపోయినప్పుడల్లా ఆ గిన్నె నా నోటి దగ్గరికొచ్చేది. తాగేదాన్ని."

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ చెయ్యి నా చెయ్యి కోసం మంచమంతా తడుముతోంది. ఇవ్వాలో వద్దో తెలియక అలాగే కూర్చున్నాను. ఇచ్చానా అని అడగకు, అది రాయకు.

ఇప్పటి చర్చి అయ్యగారు కుర్రవాడు, మంచివాడు. అంతా విని, వచ్చే బల్ల ఆదివారం మీ అమ్మగారి పేరు సంఘం ముందు చదివి, ఆ పాత తీర్మానం తప్పని చెబుతానమ్మా అన్నాడు. పేరు రాసుకున్నాడు. చనిపోయిన ఏడు రాసుకున్నాడు. పుట్టిన సంవత్సరం కూడా చెప్పండమ్మా, పూర్తిగా చదువుదాం అన్నాడు. నా దగ్గర లేదు. సమాధి మీద సిలువకు కూడా చనిపోయిన ఏడొక్కటే చెక్కించాం. నా ఆధార్ కార్డులో జనవరి ఒకటి అని ఉంటుంది చూడు, అది వాళ్ళు వేసిందే, నాది మాత్రం ఎవరికి తెలుసు.

ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు వరసలైంది. టోలు గేటు దగ్గర ప్రతి బండినీ కెమెరా చూస్తుంది, ఏ బండి ఏ నిమిషంలో పోయిందో ఎవరినీ ప్రమాణం చేయించకుండానే చెబుతుందట. మంచిదే. అప్పుడు ఆ పని చేయడానికి ఒక కూలీమనిషి ఉండేది, ముక్కుకు కొంగు కట్టుకుని. నిన్న ఆ అబ్బాయి నీ ఫోనుకి ఫొటో పంపాడు కదా, ఎరుపంతా గీకేసి మొదటి రంగే వేయిస్తున్నాడట, ఇప్పటికి ఒక తలుపు మాత్రం అయింది. మరీ ముదురు కాదు, మరీ లేతా కాదు, పొద్దుగూకే ముందు ఆకాశం రంగు. ఏదీ, ఇంకోసారి చూపించు.